వాటా తేల్చిన తీర్పు తర్వాత ఏమవుతోంది?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక న్యాయ సలహాల శీర్షికలో తండ్రి ఆస్తిలో వాటా గురించిన ప్రశ్నలు తరచూ చూస్తుంటాను. వాటికి ఇచ్చే జవాబు చాలాసార్లు "మీకు సమాన వాటా ఉంది, పార్టిషన్ (పంపకం) దావా వేసుకోండి" అన్న మాటతో ముగుస్తుంది. ఆ జవాబు తప్పు కాదు గాని, అది సగం జవాబు. మిగతా సగం నేను 2012 నుంచి చూస్తున్నాను. పైగా నేను దావా వేసిన వాణ్ణి కాను. వేసింది మా అక్క, మొదటి ప్రతివాదిని నేను. కాబట్టి ఈ ఉత్తరంలో ఫిర్యాదు కొంత, ఒప్పుకోలు కొంత ఉంటాయి.

మా నాన్నగారు తన జీతం డబ్బుతో నల్లకుంట ప్రాంతంలో 180 గజాల స్థలం కొని ఇల్లు కట్టారు. 2006లో వీలునామా రాయకుండా కాలం చేశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం అమ్మకు, అక్కకు, నాకు, తమ్ముడికి తలా నాలుగో వంతు రావాలి. కానీ పెద్దకర్మ అయిన మర్నాడు, ఇంకా చుట్టాలు కదలకముందే, మేము వంద రూపాయల స్టాంపు కాగితం మీద అక్క చేత సంతకం చేయించుకున్నాం. తన పెళ్ళికి నాన్న ఇచ్చిన కట్నంతోనూ, పసుపు కుంకుమ కింద ఇచ్చిన బంగారంతోనూ తన భాగం తీరిపోయిందని అందులో రాయించాం. ఆమె చదవలేదు, మేము చదివి వినిపించలేదు. ఆ కాగితాన్ని నోటరీ చేయించాం గాని రిజిస్టర్ చేయించలేదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలి. మేము ఆరేళ్ళు బీరువాలో భద్రంగా దాచుకున్న ఆ కాగితాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోనేలేదు.

2011లో అమ్మ పోయింది. ఆమె నాలుగో వంతు కూడా పిల్లలకే వచ్చి, ముగ్గురి వాటాలూ మూడో వంతు చొప్పున అయ్యాయి. మరుసటి ఏడు అక్క దావా వేసింది. మా జవాబు దావాలో మేము రాసిన వాదన ఇప్పటికీ చాలా ఇళ్ళలో వినిపిస్తుంది గనుక దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఎన్.టి. రామారావు ప్రభుత్వ హయాంలో ఇదే వారసత్వ చట్టానికి వచ్చిన 1986 నాటి సవరణ, 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్ళయిన కూతుళ్ళకు వర్తించదు. మా అక్క పెళ్ళి 1983లో జరిగింది. కాబట్టి ఆమెకు హక్కు లేదన్నాం. వినడానికి గట్టిగానే ఉంటుంది. అయితే ఆ సవరణ గానీ, 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ గానీ, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఇచ్చిన తీర్పు గానీ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతో వచ్చే హక్కుకు సంబంధించినవి. తండ్రి స్వార్జితం అలా కాదు. వీలునామా లేకుండా ఆయన పోతే, పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 నుంచే ఉంది. 'ఆడపిల్లలకు 2005లో హక్కొచ్చింది' అనుకునే అన్నదమ్ములు, అనుకోనిచ్చే వకీళ్ళు ఈ నగరంలో తక్కువేమీ కాదు. మా వకీలుగారికి ఈ తేడా తెలియదని నేను అనుకోను. వాయిదాలు గడవడానికి ఆ వాదన పనికొచ్చింది.

2018లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. తలా మూడో వంతు. ఆ రోజు అక్క మిఠాయి పంచింది. పాపం, తన వాటా వచ్చేసిందనుకుంది. ప్రాథమిక డిక్రీ ఎవరికెంత భాగమో చెబుతుంది గాని, ఏ గది ఎవరిదో, ఏ గోడ ఎక్కడ పడాలో చెప్పదు. ఆ పని తుది డిక్రీలో జరగాలి. దానికి అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే కోర్టు తరఫున ఆస్తిని కొలిచే వకీలును నియమించాలి, ఆయన వచ్చి కొలిచి నివేదిక ఇవ్వాలి, దానిపై అభ్యంతరాలు వినాలి. మా కేసులో తుది డిక్రీ కోసం అక్క మళ్ళీ విడిగా దరఖాస్తు పెడితే తప్ప కాగితం కదలలేదు. దరఖాస్తు పెట్టాక కరోనా, తర్వాత కమిషనర్ మార్పు, తర్వాత మా తమ్ముడి అభ్యంతరాలు. ఈ మధ్యకాలమంతా కింది రెండు పోర్షన్ల అద్దె ఒక్కరే వసూలు చేసుకున్నారు. ఆస్తి పన్ను బిల్లు ఈనాటికీ నాన్నగారి పేరు మీదే వస్తోంది.

కమిషనర్ కొలతకు వచ్చిన రోజు నేనూ ఉన్నాను. ఇంటి ముఖం 27 అడుగులు, లోతు 60. ముగ్గురికీ సమానంగా చీలిస్తే తలా తొమ్మిది అడుగుల పట్టీ వస్తుంది. మెట్లు నడిమి పట్టీలో, బోరు తమ్ముడి పట్టీలో, వంటగది సగం నాకు, సగం తమ్ముడికి. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేక కమిషనర్‌గారు అక్కనే పట్టుకోమన్నారు. డెబ్బై దాటిన మనిషి, కొంగు నడుముకు దోపుకుని గోడ వారగా కూర్చుని టేపు పట్టుకుంది. లేచి నాతో, "ఒరేయ్, ఇందులో మంచం వేస్తే మనిషి పక్కకు తిరగడానికి చోటుండదురా" అంది. కోర్టులో వాదించుకోవడం మొదలయ్యాక ఆమె నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

ఇలా చీల్చడానికి వీలుకాని ఆస్తికి దారి లేదా అంటే, ఉంది. 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం, సగానికి తక్కువ కాని వాటా ఉన్నవారు, ఒకరైనా కొందరు కలిసైనా, అడిగితే ఆస్తిని అమ్మి డబ్బు పంచమని కోర్టు ఆదేశించవచ్చు. మిగిలిన వాటాదారు కోరితే కోర్టు కట్టించిన విలువకు ఆ భాగాలను తానే కొనుక్కోవచ్చు. మూడో వంతుతో అక్క ఒక్కతే అడిగితే చెల్లదు. ఆమెకు ఇంకొకరు తోడు కావాలి. ఈ సంగతి నాకు తెలిసి కూడా రెండేళ్ళు ఊరుకున్నాను. ఈ మధ్యే ఆమె అర్జీలో నేనూ సంతకం చేశాను.

నా తప్పు నాది. కానీ సంతకం పెట్టని ప్రతివాది ఉన్నంతకాలం డిక్రీ అలా పడి ఉండాల్సిందేనా అన్నది వ్యవస్థకు సంబంధించిన ప్రశ్న. ప్రాథమిక డిక్రీ తర్వాత కేసు ఆగిపోయే ఈ లోపాన్ని సుప్రీంకోర్టు 2009లోనే ఎత్తి చూపింది. 2022 జూన్‌లో, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇంకా స్పష్టంగా, ప్రాథమిక డిక్రీ ఇచ్చిన వెంటనే కింది కోర్టు తనంతట తానే కేసును తుది డిక్రీ చర్యల కోసం వాయిదా వేయాలని, విడిగా దరఖాస్తు కోసం ఆగనక్కరలేదని ఆదేశించింది. మరి అంతకుముందే ప్రాథమిక డిక్రీతో ఆగిపోయిన పాత దావాల మాటేమిటి? వాటిని వెలికి తీసి ఒక జాబితా చేసి, కమిషనర్ల నివేదికలకు గడువు పెట్టడం అసాధ్యమైన పని కాదు.

ఆగిపోయిన డిక్రీ ఒక కుటుంబంతోనే పోదని హైదరాబాదు వాళ్ళకు చెప్పనక్కరలేదు. నిజాం కాలపు ప్రభువులైన పాయ్గాల ఎస్టేటు పంపకాలపై నడిచిన 1958 నాటి సి.ఎస్. (సివిల్ సూట్) 14 దావాలో 1963లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. అరవై ఏళ్ళ తర్వాత, 2023లో కూడా హైదర్‌నగర్ భూముల విషయంలో ఆ డిక్రీ మంచిచెడ్డలను సుప్రీంకోర్టు విచారించాల్సి వచ్చింది. మాది 180 గజాలు, వాళ్ళది ఎస్టేటు, జబ్బు ఒకటే.

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఈ రెండు విషయాలూ మా అక్కకు ఎవరూ చెప్పలేదు. తెలిసిన నేనూ చెప్పలేదు.

అందుచేత మీ న్యాయ సలహాల శీర్షిక నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. "దావా వేయండి" అని రాసినప్పుడు, తుది డిక్రీ అంటే ఏమిటో, దాన్ని ఎలా అడగాలో, చీలని ఇంటిని అమ్మించమని అడగడానికి ఎంత వాటా కావాలో కూడా ఆ కిందనే నాలుగు వాక్యాల్లో రాయండి. మా అర్జీ వచ్చే నెల వాయిదాకు ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాదు.