ప్రభావాల పేర్లు చాలవు, ఏం తీసుకున్నారో రాయండి

సంపాదకులకు,

బ్లూస్ రాక్ గిటారిస్టు కొత్త ఆల్బమ్ తెచ్చినప్పుడల్లా పత్రికల్లో "ఫలానావారి ప్రభావం" అంటూ నాలుగు పేర్లు రాసి వదిలేస్తున్నారు. ఎవరి దగ్గర ఏం పట్టుకున్నాడో కూడా రాస్తే కడపలో గిటార్ నేర్చుకునే పిల్లలకు అక్కరకొస్తుంది.

అమెరికా బ్లూస్ రాక్ గిటారిస్టు స్టీవీ రే వాన్ తొలి ఆల్బమ్ 'టెక్సాస్ ఫ్లడ్' (1983) సంగతే తీసుకోండి. అందులో స్వరం పెంచడానికి తీగను పక్కకు లాగే తీరు చాలామటుకు పాతతరం బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్‌దే. కింగ్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్లకు తీగలు బిగించిన గిటార్‌నే తిరగేసి పట్టేవాడు. దాంతో సన్న తీగ పైకొచ్చేది. దాన్ని కిందికి గుంజేవాడు. శ్రుతి కూడా బాగా దించుకునేవాడు. అంత దూరం లాగగలిగింది అందుకే. 1983 డిసెంబరులో ఇద్దరూ కెనడాలో ఒక టీవీ కార్యక్రమానికి కలిసి వాయించారు, 1999లో అది 'ఇన్ సెషన్' పేరుతో ఆల్బమ్‌గా వచ్చింది. నేర్చుకునేవాళ్లు ముందు వినాల్సింది దాన్నే.

ఆ లాగుడు ఇలా వచ్చిందని తెలియక పిల్లలు వాన్ వాడిన లావు తీగలు, అంటే 13 గేజ్‌వి (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 13 వంతులు), కొని బిగిస్తున్నారు. చవక గిటార్‌కు అవి వేస్తే నెక్ (గిటార్ మెడ) ముందుకు వంగుతుంది, మెడ పై కొసనున్న నట్ గాడిలో తీగ ఇరుక్కుంటుంది, రెండో కొసన తీగలు పట్టి ఉంచే స్ప్రింగుల బ్రిడ్జి పైకి లేస్తుంది. వాన్ శ్రుతిని అర స్వరం దించి వాయించేవాడు. అలా దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది, అయినా 13 తీగ మామూలు శ్రుతిలోని 12 కంటే బిగువే. 10 తీగ వేసి అర స్వరం దించండి, తొమ్మిదిన్నర తీగంత మెత్తబడుతుంది. ఒక తీగ లాగితే మిగతావి శ్రుతి తప్పుతుంటే, బ్రిడ్జి వెనక స్ప్రింగులు అయిదూ వేసి, అది చెక్కకు ఆనేదాకా బిగించాలి. మన ఎండకు చెమట తుడవకుంటే తీగ త్వరగా తుప్పు పడుతుంది.

ఆంప్‌లో (గిటార్ శబ్దం పెంచే పెట్టె) స్వరాన్ని బొంగురు చేసే గెయిన్ నిండా పెంచడం ఇంకో పొరపాటు. వాన్ కాలితో నొక్కే పెడల్‌లో బొంగురు పెంచే డ్రైవ్ తగ్గించి, శబ్దం పెంచే లెవెల్ పెంచేవాడు. గెయిన్ ఎక్కువైతే లాగిన స్వరం ఎక్కడ ఆగిందో చెవికి అందదు. బ్లూస్‌లో అసలు పని అక్కడే ఉంది: సాధారణ గాంధారాన్ని (తక్కువ 'గ') లాగి, అంతర గాంధారం (ఎక్కువ 'గ') దాకా పోనీయకుండా మధ్యలో నిలపాలి. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది కొత్త కాదు, వీణ మీద తీగ లాగి గమకం పలికించడం లాంటిదే. సాధనకు ముందు రెండు ఫ్రెట్ల (వీణ మెట్ల లాంటివి) పైనున్న స్వరం మీటి విని, తర్వాత కింది ఫ్రెట్ నుంచి లాగి దానికి కలపాలి. ఉంగరం వేలికి మధ్య, చూపుడు వేళ్లు తోడుంచి మణికట్టు తిప్పాలి. ఒక్క వేలితో నెడితే స్వరం చేరదు, వేలు నొస్తుంది.

— గిటార్ నేర్పే ఒక పాఠకుడు, కడప