గోడలోని నెట్‌వర్క్ కేబుల్: రెండు కొసలా ఒకే వరస

సంపాదకులకు,

ఇల్లు కట్టేటప్పుడు కరెంటు వైరింగుకు ఒక డ్రాయింగు ఉంటుంది, నీళ్ల పైపులకు ఒకటి ఉంటుంది. నెట్‌వర్క్ కేబుల్ మాత్రం ఆఖరి వారంలో ఎవరో వచ్చి కొసలు బిగించి వెళ్లే పనిగా మిగిలిపోతోంది. ఏ పద్ధతిలో కలుపుతున్నారని పనివారిని అడిగే యజమాని అరుదు. అడిగినా ‘బీ పద్ధతి అండీ, అది కొత్తది, స్పీడు ఎక్కువ’ అనే జవాబే తరచుగా వస్తుంది. అందులో కొత్తదనమూ లేదు, స్పీడూ లేదు.

టీ568ఏ, టీ568బీ అనేవి కేబుల్‌లోని ఎనిమిది తీగలను ప్లగ్గులోని ఎనిమిది పిన్నులకు పంచే రెండు రంగుల వరసలు. బీలో ఒకటో పిన్ను నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ‘ఏ’ వరస కావాలంటే నారింజ ఉన్నచోటల్లా ఆకుపచ్చను, ఆకుపచ్చ ఉన్నచోటల్లా నారింజను పెట్టుకుంటే సరి. నీలం, గోధుమ జంటలు కదలవు. తేడా అంతే. రాగికి తన మీది ప్లాస్టిక్ ఏ రంగో తెలియదు కాబట్టి వేగంలో, దూరంలో రెండూ సమానమే.

‘కొత్తది’ అన్న అపోహకు మూలం పేర్లలో ఉంది. 1995లో వచ్చిన కేబులింగ్ ప్రమాణ పత్రం పేరు 568-ఏ, 2001లో దాని స్థానంలోకి వచ్చినది 568-బీ. పత్రాల పేర్లలోని అక్షరాలు వేరు, రంగుల వరసల పేర్లలోని అక్షరాలు వేరు. రెండు వరసలూ రెండు పత్రాల్లోనూ ఉన్నాయి.

మరి ఏది ఎంచుకోవాలి? ఇంట్లో ఇప్పటికే పాత పాయింట్లు ఉంటే ఆలోచించాల్సిన పనిలేదు, వాటి వరసే కొనసాగించాలి. అదేదో తెలుసుకోవడం తేలిక. ప్లగ్గు క్లిప్పు అవతలి వైపుకు, కేబుల్ కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరిది ఒకటో పిన్ను. పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి మొదటి రెండు తీగలు నారింజగా కనిపిస్తే బీ, ఆకుపచ్చగా కనిపిస్తే ఏ. అన్నీ కొత్తవే అయితే, నన్నడిగితే, బిగించే మనిషి చేతికి అలవాటైన వరసే మంచిది. పదహారు కొసలు బిగించే పనిలో అలవాటు లేని వరసను పట్టుబట్టి చేయిస్తే పదమూడో కొస దగ్గరో పద్నాలుగో కొస దగ్గరో చేయి పాత దారి పడుతుంది. ఎంచుకున్నది ఏదైనా, గోడల్లోని కేబుళ్లన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్ పెట్టె మూత లోపల చెరిగిపోని ఇంకుతో రాసి పెట్టాలి. రేపు మరమ్మతుకు వచ్చేది వేరే మనిషి కావచ్చు.

కొనుక్కున్న ప్యాచ్ కార్డులు (గోడ పాయింటు నుంచి పరికరానికి వేసే పొట్టి కేబుళ్లు) ‘బీ’లో ఉన్నాయి, గోడలోని పాయింట్లు ‘ఏ’లో ఉన్నాయి, కలపవచ్చా అన్న సందేహం చాలామందికి వస్తుంది. నిస్సందేహంగా కలపవచ్చు. ఆ కార్డు రెండు కొసల్లోనూ ఒకే వరస ఉంటుంది కనుక ఒకటో పిన్ను ఒకటికే, ఎనిమిదోది ఎనిమిదికే చేరుతుంది. మధ్యలో ఏ రంగు తీగ మోసుకెళ్లిందన్నది లెక్కలోకి రాదు. గోడలో ఉన్న ఒకే కేబుల్‌కు ఒక కొస ‘ఏ’, మరో కొస ‘బీ’ అయితేనే చిక్కు. అప్పుడది క్రాస్ఓవర్ కేబుల్ అవుతుంది, అంటే ఒక వైపు 1, 2 పిన్నులు అవతల 3, 6కు చేరతాయి. నేటి గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల వేగం) పరికరాలు దాన్ని తమంతట తామే సర్దుకుంటాయి, అందుకే ఆ తప్పు ఏళ్లపాటు బయటపడదు. సర్దుకునే గుణం లేని పాత కెమెరానో ప్రింటరో తెచ్చి, ఆ గుణం లేని పాత నెట్‌వర్క్ స్విచ్‌కు (పరికరాలను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెకు) కలిపిన రోజున లింకు లైటు వెలగదు, నెపం ఆ పరికరం మీద పడుతుంది.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. ‘రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు, రంగుల సంగతి ఎందుకు’ అని సొంత వరస పెట్టేవారు ఉన్నారు. నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట అని పక్కపక్కనే పేర్చేస్తారు. చూడముచ్చటగానే ఉంటుంది, పని మాత్రం చెడుతుంది. పిన్నుల జంటలు 1-2, 3-6, 4-5, 7-8. ఒక జంటలో రెండు తీగలూ ఒకే సంకేతాన్ని మోస్తాయి, ఒకటి నేరుగా, ఒకటి తలకిందులుగా. వాటిని తాడులా పురి పెట్టింది బయటి అలజడి రెండింటికీ సమానంగా తగిలి అవతలి కొసలో కొట్టుకుపోవాలని. పక్కపక్కనే పేరిస్తే 3, 6 పిన్నుల సంకేతం ఆకుపచ్చ జంటలోంచి ఒక తీగ, నీలం జంటలోంచి ఒక తీగ ఎక్కి ప్రయాణిస్తుంది. పురి ఉన్నా దానికి పనికిరాదు, పైగా పక్క సంకేతంలోకి చొరబడుతుంది. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు. తీగల కొనసాగింపు చూసే చవక టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి. రెండు మీటర్ల ముక్కయితే నెట్టు వస్తుంది కూడా. ఇరవై ముప్పై మీటర్లయితే లింకు పడుతూ లేస్తూ ఉంటుంది, లేదా వేగం కుంగిపోతుంది. 3-6 జంట మధ్యలో 4-5 ఎందుకు దూరిందంటే, టెలిఫోన్ లైను మధ్య పిన్నుల మీద, రెండో లైను దానికి అటూ ఇటూ రావడం పాత ఆనవాయితీ. ఆ వరస నెట్‌వర్క్‌కూ వచ్చింది.

గోడ పెట్టెలో వాడే జాక్ (ప్లగ్గు వచ్చి దూరే భాగం) విషయంలో మరో పొరపాటు. ప్లగ్గు వరస కంఠతా వచ్చినవారు జాక్ గాళ్లలోనూ అదే వరసలో తీగలు నొక్కేస్తారు. జాక్ లోపలి అమరిక వేరు, గాళ్ల వరస తయారీదారును బట్టి మారుతుంది. దాని పక్కన ఏకీ బీకీ రెండు వరసల రంగులు ముద్రించి ఉంటాయి. ఎంచుకున్న అక్షరం ఎదుట ఉన్న రంగులను మాత్రమే అనుసరించాలి. తీగను గాడిలోకి నొక్కి మిగులును కోసే పంచ్‌డౌన్ టూల్‌లో కత్తిరించే అంచు బయటి వైపుకు ఉండాలి. తిరగబడితే మిగులు ముక్క మిగిలి, పనికొచ్చే తీగ తెగుతుంది.

జాక్ అయినా ప్లగ్గు అయినా పురి విప్పేది 13 మిల్లీమీటర్లకు మించకూడదు. ప్లగ్గుకైతే తొడుగును ఓ 30 మిల్లీమీటర్లు ఒలిచి, తీగలను వరసలో పెట్టి చదును చేసి, ఆ తరువాత కొసను 13 మిల్లీమీటర్లకు తిన్నగా కత్తిరించాలి. లోపలికి దూర్చాక ఎనిమిది కొసలూ ముందు గోడను తాకాయో లేదో, బయటి తొడుగు ప్లగ్గు లోపలి నొక్కుడు పట్టీ కిందికి వచ్చిందో లేదో చూసి మరీ క్రింప్ చేయాలి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించాలి. తొడుగు బయటే ఉండిపోతే లాగుడు బరువంతా సన్నటి తీగల మీద పడుతుంది. నాసిరకం కేబుళ్లలో తెల్ల తీగల మీది రంగు చార కంటికి ఆనదు. నాలుగు జంటలనూ ఒకేసారి విప్పేస్తే ఏ తెలుపు ఎవరిదో తెలియదు. ఒక్కో జంటను విప్పి దాని చోట పెట్టాకే రెండోదాన్ని ముట్టుకోవాలి.

గోడలోని కేబుల్‌లో తీగలు ఒంటి రాగి తీగలు, ప్యాచ్ కార్డులో తీగలు సన్నని పోగుల అల్లిక. ఒంటి తీగకు నేరుగా ప్లగ్గు కొట్టి టీవీ వెనకకు వేలాడదీస్తే అటూ ఇటూ వంగి వంగి ఒకనాడు లోపల తెగుతుంది. గోడ కేబుల్ జాక్‌లో ముగియాలి, అక్కడి నుంచి కొన్న కార్డు వాడుకోవాలి. ప్లగ్గు తప్పదనుకుంటే ఒంటి తీగ కోసం చేసిన ప్లగ్గే కొనాలి. క్యాట్5ఈ, క్యాట్6 అనేవి కేబుల్ రకాలు. క్యాట్6 తీగ సాధారణంగా 23 గేజి, క్యాట్5ఈ తీగ 24 గేజి (గేజి అంకె తగ్గితే తీగ లావు). క్యాట్5ఈ ప్లగ్గులోకి క్యాట్6 తీగలను కుక్కితే ఏదో ఒకటి వెనకబడిపోతుంది.

కేబుల్ కొనేటప్పుడు ఒక కొసను చాకుతో గీకి చూడండి. పైన రాగి పూత, లోపల తెల్లటి లోహం కనిపిస్తే అది అల్యూమినియం. ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. అలాంటి తీగ జాక్‌లో ఇట్టే విరుగుతుంది. నిరోధం ఎక్కువ కాబట్టి కేబుల్ మీదుగానే కరెంటు అందుకునే కెమెరాలు, వైఫై పెట్టెలు ఉన్నచోట వేడెక్కుతుంది కూడా. గోడలో పూడ్చాక అది మార్చుకునే వస్తువు కాదు.

గోడలోని కేబుల్ 90 మీటర్లు, అటూ ఇటూ కార్డులు కలిపి 10 మీటర్లు అన్నది పరిమితి. ఇళ్లలో ఆ బెంగ దాదాపు ఉండదు. మలుపు వ్యాసార్ధం కేబుల్ మందానికి నాలుగు రెట్లకు తగ్గకుండా, గోడ పెట్టె దగ్గర ఒక అడుగు మిగులు ఉండేలా చూసుకుంటే చాలు. ఆ మిగులు ఉంటేనే తప్పు పడిన కొసను కోసి మళ్లీ బిగించే వీలుంటుంది.

పరీక్షకు దీపాల టెస్టర్ సరిపోదు. అది తెగిన తీగను, తారుమారైన తీగను పట్టిస్తుంది, స్ప్లిట్ పెయిర్‌ను పట్టించదు. దాన్ని గుర్తించే టెస్టర్ పనివారి దగ్గర ఉందా అని ముందే అడగాలి. లేకపోతే రెండు కొసల్లోనూ గిగాబిట్ పరికరాలు పెట్టి, కంప్యూటర్‌లో లింకు వేగం చూడాలి. 1000కి బదులు 100 కనిపిస్తే 4-5 లేదా 7-8 జంటలో ఒక తీగ అందలేదేమోనని మొదట అనుమానించాలి, ఎందుకంటే 100కి 1-2, 3-6 జంటలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. 1000 అని కనిపించినా అక్కడితో ఆపకుండా, పెద్ద ఫైలు ఒకటి అటూ ఇటూ పంపి తప్పుల లెక్క పెరుగుతోందేమో గమనించాలి. ఈ పరీక్ష ప్రతి పాయింటుకూ, రంగులు వేసేవారు రాకముందే, పనివారికి ఆఖరి డబ్బులు ఇవ్వకముందే జరగాలి.

ఇట్లు,
ఒక కేబులింగ్ పనివాడు