లైపోసక్షన్ బరువు తగ్గించే చికిత్స కాదు

సంపాదకులు గారికి,

ఒంట్లోని కొవ్వును గొట్టంతో పీల్చి తీసే శస్త్రచికిత్స అయిన లైపోసక్షన్‌ను బరువు తగ్గడానికి సులువైన దారిగా చూపే ప్రకటనలు పత్రికల్లోనూ, ఫోన్లలోనూ నానాటికీ పెరుగుతున్నాయి. ఆ శస్త్రచికిత్స పనికిరానిదని నేను అనడం లేదు. అది చేయగలిగిన పనికీ, ప్రకటనలు చూపిస్తున్న ఆశకూ పొంతన లేకపోవడం వల్లే ఈ లేఖ రాస్తున్నాను.

1970ల చివర్లో పారిస్ వైద్యుడు ఈవ్ జెరార్డ్ ఇల్లూజ్ మొన లేని గొట్టంతో కొవ్వును పీల్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 1980లలో అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్, మత్తుమందునూ రక్తనాళాలను కుదించే మందునూ సెలైన్‌లో కలిపి ముందుగా ఆ భాగంలోకి ఎక్కించే విధానం తెచ్చాక రక్తస్రావం బాగా తగ్గింది. నేటికీ ప్రధానంగా జరిగేది అదే. కొన్ని మిల్లీమీటర్ల గాటులోంచి గొట్టాన్ని పంపి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, చర్మానికీ కండరానికీ మధ్యనున్న కొవ్వును లాగేస్తారు.

దాని హద్దు కూడా చర్మం కింది ఆ కొవ్వు పొరే. పొట్టను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటే మడతలా చేతికి వచ్చేది ఆ కొవ్వే. అలా చేతికి చిక్కకుండా గట్టిగా ముందుకు పొడుచుకొచ్చిన పొట్టలో చాలావరకు ఉండేది కండరాల గోడకు లోపల, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు. దాని జోలికి ఆ గొట్టం వెళ్లదు, వెళ్తే ప్రాణాపాయం. మధుమేహం, గుండె జబ్బులతో ఎక్కువ సంబంధం ఉన్నది ఈ లోపలి కొవ్వుకే. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనంలో 15 మంది స్థూలకాయ మహిళలకు పొట్ట భాగం నుంచి సుమారు 10 కిలోల కొవ్వు తీశారు. 10 నుంచి 12 వారాల తర్వాత పరీక్షిస్తే రక్తపోటు గానీ, కొలెస్ట్రాల్ గానీ, ఇన్సులిన్ పనిచేసే తీరు గానీ చెప్పుకోదగినంత మెరుగుపడలేదు. అంత కొవ్వు తీసినా ఆరోగ్యం మారనప్పుడు, దీన్ని షుగర్‌కూ బీపీకీ విరుగుడుగా చెప్పడం రోగులను మోసగించడమే.

చర్మం సంగతి ప్రకటనల్లో అసలు కనిపించదు. బిగువు తగ్గిన చర్మం కింద కొవ్వు తీసేస్తే అది ఇంకా వదులై వేలాడవచ్చు. కాన్పుల తర్వాత ఎడమైన పొట్ట కండరాలు దగ్గరకు రావు, చారలూ పోవు. శస్త్రచికిత్స తర్వాత బరువు పెరిగితే మిగిలిన కొవ్వు కణాలు ఉబ్బి, ఆకారం మళ్లీ మారుతుంది.

బరువు నిలకడగా ఉండి, చర్మంలో బిగువు ఉండి, తిండి తగ్గించినా వ్యాయామం చేసినా గడ్డం కిందో నడుము పక్కలో మొండిగా మిగిలిన కొవ్వు ఉన్నవారికి మాత్రం ఇది నిజంగా ఉపయోగపడుతుంది. కాళ్లలో కొవ్వు నొప్పితో పేరుకునే లిపెడీమా ఉన్న స్త్రీలకు ఇది సోకు కాదు, ఉపశమనం. వారినీ ఇతరులనూ ఒకే గాటన కట్టి మాట్లాడడం అన్యాయం.

'ఇన్ని లీటర్లు తీశాం' అన్న గొప్పను కూడా జాగ్రత్తగా చదవాలి. సీసాలో చేరినదంతా కొవ్వు కాదు. ముందుగా ఎక్కించిన ద్రవమూ, కొంత రక్తమూ అందులో కలిసే ఉంటాయి. మొత్తం 5 లీటర్లు దాటితే దాన్ని భారీ పరిమాణంగా లెక్కగట్టి, ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలని నిపుణులు చెబుతారు. ఊపిరితిత్తుల్లోకి రక్తం గడ్డో కొవ్వో చేరడం, మత్తుమందు మోతాదు మించడం, గొట్టం పేగుల్లోకి దిగడం అరుదే గానీ ప్రాణాంతకం. మామూలుగా సాగినా వాపూ కమిలిన మచ్చలూ తప్పవు, కొన్ని వారాలు బిగుతు దుస్తులు వేసుకోవాలి, అసలు ఆకారం తేలడానికి నెలలు పడుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. ఈ చికిత్స ప్రకటన వేసే ముందు, అది బరువు తగ్గించదన్న మాట అందులో ఉందా, 'ముందు, తర్వాత' ఫొటోలు ఎన్ని నెలల తేడాతో తీసినవో చెప్పారా, శస్త్రచికిత్స చేసేవారి అర్హత ఏమిటి, మత్తు ఇచ్చేది ఎవరు అన్న వివరాలు ఉన్నాయా అని మీ పత్రిక అడగాలి. లేకపోతే ఆ ప్రకటనను వెనక్కి పంపాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు