నీటి లెక్క సరే, నీటితో పాటు పోయే భాస్వరం లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

నీటి పొదుపు గురించి, పంటభూముల సారం గురించి మీ పత్రిక తరచుగా వ్యాసాలు ప్రచురిస్తోంది. రెండూ అవసరమైనవే. అయితే మొదటిది పర్యావరణ పేజీలోనూ రెండోది వ్యవసాయ పేజీలోనూ విడివిడిగా రావడం వల్ల అసలు సంగతి పాఠకుల దృష్టికి అందడం లేదని నా అభిప్రాయం. నేలలోని పోషకాలను కరిగించేదీ, వేళ్లకు అందించేదీ, చివరికి మోసుకుపోయి సముద్రంలో కలిపేదీ నీరే కాబట్టి, ఒకదాన్ని పక్కనపెట్టి మరొకదాన్ని అర్థం చేసుకోలేం.

పాఠ్యపుస్తకాల్లో జలచక్రం, నత్రజని చక్రం, భాస్వరం చక్రం వేరువేరు బొమ్మలుగా ఉంటాయి. మూడింటిలోనూ బాణం గుర్తులు ఒకే తీరుగా గుండ్రంగా తిరుగుతాయి కానీ, వాటి వేగాల్లోని తేడా మాత్రం కనిపించదు. ఆవిరై గాలిలో చేరిన నీరు సగటున తొమ్మిది పది రోజుల్లో వానగానో మంచుగానో తిరిగి కిందికి వస్తుంది. అదే నీరు లోతైన భూగర్భంలోకి ఇంకితే వేల ఏళ్లపాటు అక్కడే ఉండిపోవచ్చు. భూమి మీది నీటిలో దాదాపు 97 శాతం సముద్రాలదే. మిగిలిన మంచినీటిలో మూడింట రెండు వంతులకు పైగా హిమానీనదాల్లోనూ మంచుపలకల్లోనూ గడ్డకట్టి ఉంది. నదులు, చెరువులు ఎంత నిండుగా పారినా ఆ మంచినీటిలో ఒక్క శాతం కూడా కావు.

నత్రజని సంగతి వేరు. గాలిలో 78 శాతం అదే అయినా, దాని పరమాణువులు రెండేసి చొప్పున మూడు బంధాలతో గట్టిగా ముడిపడి ఉండటం వల్ల మొక్కలు నేరుగా వాడుకోలేవు. ఆ ముడిని మెరుపులు కొంతవరకు విప్పుతాయి. ప్రకృతిలో అధికభాగం ఆ పని చేసేవి సూక్ష్మజీవులే. పప్పుజాతి మొక్కను వేళ్లు తెగకుండా పెకలించి చూస్తే వాటికి చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమినప్పుడు లోపల గులాబీ రంగు ఉంటే అది చక్కగా పనిచేస్తోందని అర్థం. ఆకుపచ్చగా ఉంటే వయసు మళ్లి పని మానేసిందని అర్థం. ఆ గులాబీ రంగు మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పోలిన లెగ్‌హీమోగ్లోబిన్‌ది. బుడిపెలోని రైజోబియం బాక్టీరియాకు కావలసినంత ఆక్సిజన్ అందిస్తూనే, నత్రజనిని స్థిరీకరించే ఎంజైమును ఆ ఆక్సిజన్ పాడుచేయకుండా చూసేది అదే.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో గాలిలోని నత్రజని నుంచి, ఎరువులకు మూలమైన అమ్మోనియా తయారుచేసి చూపితే, కార్ల్ బాష్ 1913 నాటికి దాన్ని కర్మాగార స్థాయికి తెచ్చాడు. నేడు ప్రపంచ జనాభాలో సుమారు సగం మంది తిండి ఆ పద్ధతి మీదే ఆధారపడి ఉందని అంచనా. ఎరువులోని నత్రజనిలో పంట తీసుకోగా మిగిలినది నైట్రేటు రూపంలో నీటితో జారి భూగర్భజలాల్లో చేరుతుంది. కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలిసి, బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు అటూఇటుగా భూతాపాన్ని పెంచుతుంది. నష్టం ఎంత ఉన్నా, నత్రజనికి తిరిగి గాలిలోకి చేరే దారి ఉంది.

భాస్వరానికి చెప్పుకోదగ్గ వాయురూపం లేదు కాబట్టి ఆ దారీ లేదు. రాళ్లు శిథిలమైనప్పుడు కొద్దికొద్దిగా విడుదలై, రాలిన ఆకుల ద్వారా, పశువుల పేడ ద్వారా, వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాల ద్వారా అదే నేలలో తిరుగుతుంది. ఒకసారి నదిలో కలిసి సముద్రపు అడుగుకు చేరితే, ఆ అడుగు మళ్లీ నేలగా పైకి లేవడానికి లక్షల, కోట్ల ఏళ్లు పడుతుంది. ఈలోగా సముద్రపక్షుల రెట్ట, నదుల్లో ఎగువకు ఈదే సాల్మన్ చేపలు కొద్దిపాటి భాస్వరాన్ని వెనక్కి తెస్తాయి. సహారా ఎడారి ధూళి అట్లాంటిక్ దాటి ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరాన్ని అమెజాన్ అడవికి చేరవేస్తోందని 2015లో ఉపగ్రహ పరిశీలనల ఆధారంగా లెక్కగట్టారు. ఆ అడవి వానలకు, వరదలకు కోల్పోయేదీ ఇంచుమించు అంతే.

మనం చేస్తున్నది ఏమిటి? గనుల నుంచి తవ్విన భాస్వరాన్ని పొలంలో వేసి, అందులో కొంత మట్టికోతతోనూ మరికొంత ఆహారం మీదుగా మురుగుతోనూ నీళ్లపాలు చేస్తున్నాం. చెరువులో దాని ప్రభావం ఎంతటిదో కెనడాలోని అంటారియోలో ఒక సరస్సు మీద 1973లో జరిగిన ప్రయోగం చూపింది. ఆ సరస్సును తెరతో రెండుగా విభజించి, రెండు భాగాల్లోనూ కర్బనం, నత్రజని కలిపారు. భాస్వరం మాత్రం ఒక్కదానిలోనే కలిపారు. ఆ భాగమే నాచుతో పచ్చబడింది. అటువంటి నీటిలో రాత్రంతా నాచు, దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసుకోవడంతో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని తేలుతాయి. మీ పత్రికలో చేపల మృత్యువాత వార్తలు వస్తాయి కానీ, ఆ భాస్వరం ఏ దారిన వచ్చిందో రాయడం అరుదు.

గనులు రేపో మాపో అయిపోతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నిల్వల అంచనాలు మారుతూనే ఉన్నాయి. కానీ వాటిలో అత్యధికభాగం మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతాల్లోనే ఉంది. పైగా భాస్వరం మూలకం కనుక అమ్మోనియాలా కర్మాగారంలో తయారు కాదు. 1669లో జర్మన్ రసవాది హెన్నిగ్ బ్రాండ్ దాన్ని తొలిసారి వేరుచేసింది మానవ మూత్రం నుంచే. మన శరీరం విసర్జించే భాస్వరంలో సగానికి పైగా మూత్రంలోనే ఉంటుంది. మురుగు శుద్ధిలో మెగ్నీషియం కలిపి దాన్ని స్ట్రువైట్ అనే ఎరువుగా రాబట్టే పద్ధతి కొన్నిచోట్ల ఇప్పటికే వాడుకలో ఉంది. పారిశ్రామిక వ్యర్థాలు కలిసిన మురుగు మడ్డిని నేరుగా పొలాలకు తోలితే సీసం, కాడ్మియం వంటి లోహాలు నేలకు చేరతాయి కనుక, ఇళ్ల మురుగునూ పరిశ్రమల మురుగునూ మొదటే వేరుచేయాలి.

మురుగునీటి శుద్ధి పథకాల గురించి రాసేటప్పుడు శుద్ధిచేసిన నీటి పరిమాణంతో పాటు, ఎంత భాస్వరాన్ని వెనక్కి తీశారు, అది ఏ పొలానికి చేరింది అని కూడా మీ విలేకరులు అడగాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు