శీనూ, నీకు బల్లార్డ్ గురించి చెప్పాలి

ఒరేయ్ శీనూ,

సైన్స్ ఫిక్షన్ అంటే రాకెట్లు, గ్రహాంతరవాసులే కదరా అని మొన్న ఫోన్లో తీసిపారేశావు చూడు, అప్పటినుంచీ జె. జి. బల్లార్డ్ గురించి నీకు చెప్పాలని ఒకటే ఆత్రం. బ్రిటిష్ రచయితే గానీ పుట్టింది 1930లో, షాంఘైలో. నాన్న బట్టల కంపెనీలో పెద్ద అధికారి, పెద్ద ఇల్లు, ఇంటినిండా నౌకర్లు. జపాన్ సైన్యం వచ్చాక అదంతా పోయింది. 1943లో అమ్మానాన్న, చెల్లెలితో సహా లుంఘువా అనే నిర్బంధ శిబిరంలో పెట్టేశారు, రెండో ప్రపంచయుద్ధం అయ్యేదాకా నలుగురికీ కలిపి ఒక్క చిన్న గది.

ఆయన కథల్లో నీళ్లు లేని ఈతకొలను మాటిమాటికీ ఎదురవుతుంది. అది కల్పన కాదురా, జనం వదిలేసి పోయిన షాంఘై ఇళ్లలో చిన్నప్పుడు కళ్లారా చూసిందే. 1962లో వచ్చిన 'ది డ్రౌన్డ్ వరల్డ్'లో ఎండలు మండిపోయి, మంచు కరిగి లండన్ మునిగిపోతుంది. అందరూ చల్లటి ఉత్తరానికి పారిపోతుంటే హీరో మాత్రం ఒక్కడే దక్షిణానికి, ఇంకా వేడిలోకి వెళ్తాడు! చిన్న వయసులోనే ఒక మహానగరం కూలడం చూసినవాడు గనకే అలా రాయగలిగాడని నా గట్టి నమ్మకం.

నన్ను బాగా కదిలించింది మాత్రం వేరే. 1964లో స్పెయిన్‌లో సెలవుల్లో ఉండగా భార్య మేరీ న్యుమోనియాతో హఠాత్తుగా చనిపోయింది. ముగ్గురూ చిన్నపిల్లలే. మళ్లీ పెళ్లి చేసుకోలేదు, లండన్ పక్కన షెప్పర్టన్ అనే ఊళ్లో మామూలు ఇంట్లో ఉండి, వండిపెట్టి, పిల్లల్ని బడికి పంపి, వాళ్లు తిరిగొచ్చేలోపు రాసుకునేవాడు. కారు ప్రమాదాల్లో కామోద్రేకం వెతుక్కునే మనుషుల నవల 'క్రాష్' (1973) రాతప్రతి చదివిన ప్రచురణ సంస్థ మనిషి, ఈ రచయితను మానసిక వైద్యులు కూడా బాగుచేయలేరని రాశారట. అదే రచయిత సాయంత్రం పిల్లలకు అన్నం పెడుతున్నాడు, ఆలోచించు!

చివరికి 1984లో, దాదాపు నలభై ఏళ్ల తర్వాత, శిబిరం గురించి 'ఎంపైర్ ఆఫ్ ది సన్' రాశాడు, 1987లో స్పీల్‌బర్గ్ సినిమా కూడా తీశాడు. అందులో పిల్లవాడు అమ్మానాన్నలకు దూరమై ఒంటరిగా ఉంటాడు. నిజంగా అయితే వాళ్లు పక్కనే ఉన్నారు కదా, కానీ పిల్లల్ని కాపాడే శక్తి ఆ శిబిరంలో ఏ తల్లిదండ్రులకు ఉంటుంది చెప్పు? అందుకే నాకు ఆ మార్పు అబద్ధంలా అనిపించలేదు.

2009లో పోయాడు. నువ్వు మాత్రం ముందు ఆ షాంఘై నవల పట్టుకో, తర్వాత మునిగిన లండన్. 'క్రాష్' జోలికి ఇప్పుడే పోకు, అది చాలా కరకు పుస్తకం. సగం అయ్యాక ఫోన్ చెయ్యి, వాదించుకుందాం.

నీ,
మురళి