2025–26 వార్షిక నివేదిక: వెళ్ళిపోయిన సభ్యులు, మిగిలిన పనులు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ప్రతి ఏటా టూర్ల జాబితాతో మొదలయ్యే మన బైకు క్లబ్బు నివేదికలో ఈసారి వరస మార్చాం. ఈ ఏడాది ముగ్గురు సభ్యులు మనల్ని వదిలి వెళ్ళారు. ఒకరిది గుండెపోటు, ఒకరిది దీర్ఘకాలం బాధించిన జబ్బు, మూడో ఆయనది రోడ్డు ప్రమాదం. పేర్లు, ఫొటోలు వెనక అట్ట లోపలి వైపు వేశాం. కుటుంబాలు వద్దన్న వివరాలేవీ ఇందులో లేవు.

సంతాప సభలు మూడూ జరిగాయి. ఫొటోకి దండ వేసి, రెండు నిమిషాలు లేచి నిలబడటం ఒక్క పూటలో తేలిపోయే పని. పెద్దకర్మ అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయిన రోజు నుంచి అసలు పని మొదలవుతుంది. ఆ పనుల్లో చాలావాటికి గడువులున్నాయి. ఆ సమయంలో ఆ ఇంట్లో క్యాలెండరు చూసే మనిషి ఉండడు. అందుకే కమిటీ ఒక్కో కుటుంబానికి ఇద్దరు సభ్యులను అప్పగించింది. వాళ్ళు చేసిన పని మిగతావారికీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

కాగితాలు

అన్నిటికీ మొదటిది మరణ ధృవీకరణ పత్రం. 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే ఇబ్బంది లేదు. నెల దాటితే సొంతంగా ధృవీకరించిన పత్రం, పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. చాలామంది పొరబడేది ఎక్కడంటే, నమోదు జరిగేది సొంతూళ్ళో కాదు, మనిషి పోయిన చోట. పాలకొల్లు మనిషి కాకినాడ ఆసుపత్రిలో పోతే పత్రం కాకినాడ నగరపాలక సంస్థ నుంచే రావాలి. సొంతూరి పంచాయతీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఫలితం ఉండదు. దరఖాస్తు రాసేటప్పుడే ఆధార్, సి బుక్కు (బండి రిజిస్ట్రేషన్ పత్రం), బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టుకుని పేరు సరిచూడండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో ఒక్క పొడి అక్షరంగా ఉండటం మన జిల్లాల్లో మామూలే. అది ఇక్కడ దిద్దకపోతే తర్వాత ప్రతి కౌంటరు దగ్గరా ఆగాల్సిందే. సర్టిఫికెట్టు కాపీలు కనీసం పది తీసుకోండి. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఆఫీసు విచారించి ఇస్తుంది.

తర్వాత బండి. యజమాని పోయిన 30 రోజుల్లోగా, బండి వాడుకోబోయేవారు ఆర్టీఓ ఆఫీసుకి ఆ సంగతి రాతపూర్వకంగా తెలపాలి. అలా తెలిపితేనే మూడు నెలల పాటు ఆ బండి నడుపుకునే హక్కు ఉంటుంది. ఆ మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టి సి బుక్కు తమ పేరుకి మార్పించుకోవాలి. దానికి మరణ పత్రం, సి బుక్కు, నడుస్తున్న ఇన్సూరెన్సు, వారసత్వం తెలిపే కాగితం, మిగతా వారసుల ఒప్పుదల జతచేయాలి. ఫైనాన్సు ఉంటే ముందు అది తీర్చి ఫారం 35 తెచ్చుకోవాలి. 2021 సవరణ తర్వాత యజమాని బతికుండగానే సి బుక్కులో నామినీ పేరు చేర్చుకోవచ్చు. ఆన్‌లైనులో అయ్యే పని ఇది. అయినా ఈ ముగ్గురి సి బుక్కుల్లో ఒక్కదాంట్లోనూ నామినీ లేరు.

దుఃఖంలో ఉన్న ఇంటికి ఎవరో ఒకరు వచ్చి, "ఎందుకండీ ఈ తిప్పలు, పాత తేదీ వేసి అమ్మకం ఫారాలు 29, 30 మీద సంతకం కానిచ్చేద్దాం" అంటారు. ఆ సలహా మంచి మనసుతో ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. కానీ పోయిన మనిషి సంతకం వేరొకరు పెడితే అది ఫోర్జరీ. పైగా ఆ బండి చేతులు మారి ఎక్కడో ఎవరినో గుద్దితే, రికార్డులో ఇంకా పాత పేరే ఉంటుంది కాబట్టి నష్టపరిహారం నోటీసు ఆ ఇంటికే వస్తుంది. ఒక కుటుంబం బండి అమ్మాలనుకుంది. ముందు కొడుకు పేరుకి మార్పించి, ఆ తర్వాతే అమ్మించాం. కాస్త ఆలస్యమైంది, అంతే.

ఇన్సూరెన్సు విషయంలో మన సభ్యులకే చాలా అపోహలున్నాయి. బండి పాలసీతో వచ్చే యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు. అది ప్రమాద మరణానికే వర్తిస్తుంది, గుండెపోటుకి రాదు. ప్రమాదంలో పోయినా కొన్ని చోట్ల ఆగిపోతుంది: లైసెన్సు గడువు దాటి ఉంటే, దీర్ఘకాలిక థర్డ్ పార్టీ పాలసీ ఉంది కదా అని ఈ భాగాన్ని రెన్యువల్ చేయించకపోతే, అన్నిటికంటే ఎక్కువగా సెకండ్‌హ్యాండ్ బండి సి బుక్కు ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటే. పాత బుల్లెట్ మోజుతో ఎక్కడెక్కడి నుంచో బండ్లు తెచ్చుకున్న మనవాళ్ళు ఈ వాక్యం రెండోసారి చదవండి. బీమా ఇచ్చేది రిజిస్టరైన యజమానికి. నడిపినవాడు అతనే కాకపోతే ఆ 15 లక్షల ఊసే ఉండదు.

ప్రమాద మరణమైతే ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక మూడూ తప్పనిసరి. ఎదుటి వాహనం తెలిస్తే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో దానికి ఆరు నెలల గడువు పెట్టారు. గుద్ది పారిపోతే, వాహనం దొరక్కపోతే కేంద్ర పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు వస్తాయి. ప్రమాదం జరిగిన చోటి ఆర్డీఓ లేదా తహసీల్దారు దగ్గర దరఖాస్తు పెట్టాలి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల్లోగా లక్షన్నర వరకు నగదు రహిత వైద్యం ఉంది. మోటారు వాహనాల చట్టం 134ఎ, దాని కింది నిబంధనల ప్రకారం గాయపడినవారిని చేర్చిన మనిషిని సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. ఈ సంగతి మన సభ్యులకే కాదు, ఏటిగట్టు మీద టీ కొట్టు నడిపేవాళ్ళకీ తెలియాలి.

ఇంట్లో ఉండిపోయిన బండి

రెండు కుటుంబాలు బండి అమ్మబోమని చెప్పాయి. ఉంచుకోవడం సరే, కానీ డెల్టా తేమలో కప్పేసి వదిలితే ఏడాదిలో అది కదలని ఇనుమవుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు ఉంటుంది, అది గాలిలో తేమని పీలుస్తుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి పై భాగం తుప్పు పడుతుంది. కాబట్టి ట్యాంకు నిండుగా ఉంచాలి. కార్బురేటరు బండైతే పెట్రోలు ట్యాపు కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపి, ఫ్లోటు గిన్నె కింద స్క్రూ వదులు చేసి మిగిలింది దించేయాలి. లేకపోతే జెట్లలో జిగురు పేరుకుంటుంది. స్పార్కు ప్లగ్గు తీసి ఒక చెంచా ఇంజను ఆయిల్ పోసి, ఇగ్నిషను ఆఫులో ఉంచి నాలుగైదు సార్లు మెల్లగా కిక్కు తొక్కితే సిలిండరు గోడలకు పూత పడుతుంది. బ్యాటరీ తీసేటప్పుడు నెగటివ్ తీగ ముందు, పెట్టేటప్పుడు అదే చివర. నెలకోసారి కొలిచి 12.4 వోల్టులు దిగితే చార్జింగు పెట్టాలి. సెంటర్ స్టాండు మీద నిలబెట్టాలి, లేకుంటే టైరు ఒకే చోట అణిగిపోతుంది. సైలెన్సరు మూతికి గుడ్డ కుక్కి, పైన కనబడేలా ఎర్ర దారం కట్టండి. మర్చిపోయి స్టార్టు చేయకుండా ఉంటారు. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఎలుకలు గూడు కడతాయి, కొబ్బరి పీచు దగ్గర్లో ఉన్న షెడ్డైతే మరీను.

ఫ్యూయల్ ఇంజెక్షను బండిని రెండు వారాలకోసారి పావుగంట సేపు పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి. రోజూ ఒక నిమిషం స్టార్టు చేసి ఆపేసే అలవాటు ప్రేమే కావచ్చు కానీ బండికి చెరుపు. సైలెన్సరులో నీరు చేరి లోపల్నుంచి తుప్పు పడుతుంది. బ్రేకు ఆయిల్ వాడినా వాడకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి.

పోయినవారి జాకెట్టు, బూట్లు, సైడు పెట్టెలు కుటుంబం ఇష్టపడితే కొత్త సభ్యులకు ఇచ్చాం. హెల్మెట్లు ఇవ్వలేదు. ఒకరి తలకి అలవాటు పడిన లోపలి మెత్త ఇంకొకరికి సరిపోదు. ప్రమాదంలో దెబ్బతిన్నదైతే లోపలి థర్మోకోలు నలిగి ఉంటుంది, పైకి కనబడదు.

స్మరణ యాత్ర

మొదట నవంబరు 2, ఆదివారం, సమాధుల పండుగ రోజున అనుకున్నాం. మన వెళ్ళిపోయిన సభ్యుల్లో క్రైస్తవులూ ఉన్నారు కాబట్టి ఆ తేదీ. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం ప్రాంతంలో తీరం దాటింది. కొమ్మలూ తీగలూ పడిన రోడ్ల మీద బారుగా బండ్లు తిప్పడం సాయం చేసేవాళ్ళకి అడ్డమే. అందుకని నవంబరు 16కి మార్చాం. అది కార్తీక ఆదివారం. వనభోజనాల బస్సులు రోడ్డెక్కకముందే పోవాలని తెల్లవారగానే రావులపాలెంలో బయలుదేరి కొత్తపేట, అమలాపురం, బోడసకుర్రు వంతెన, తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరాం.

పోయినవారి గుర్తుగా ముందు వరసలో ఒక చోటు ఖాళీగా వదిలి నడపడం చాలా బైకు క్లబ్బులు పాటించే పద్ధతి. మన రోడ్ల మీద దాన్ని పొడవునా పాటించడం కుదరదు. ఖాళీ కనబడగానే ఆటో దూరుతుంది. అందుకే తిన్నటి, వెడల్పాటి రోడ్డు మీద మొదటి రెండు కిలోమీటర్లు, గంటకి 40 దాటకుండా మాత్రమే అలా నడిచాం. తర్వాత ఏడేసి బండ్ల జట్లు. హైవే మీద ఒకటి ఎడమ, ఒకటి కుడిగా వరస: మీ ముందు అదే గీతలో ఉన్న బండికి రెండు సెకన్లు, పక్క గీతలోని బండికి ఒక సెకను ఎడం. కాలువ గట్టు రోడ్డెక్కితే ఒకటే వరస. సార్వా (ఖరీఫ్) కోతలు మొదలయ్యాయి కాబట్టి ఆరబోసిన ధాన్యం దగ్గర బ్రేకు, మలుపు రెండూ ఒకేసారి వద్దని ముందే చెప్పాం. చేపల వ్యాన్ల నుంచి కారిన నీళ్ళు కూడా అంతే ప్రమాదం, పైగా తెల్లవారుజామున మంచులో కలిసిపోయి కనబడవు.

దండలు కడియం నుంచి తెప్పించాం. బండి కదిలే ముందే తీసేయమన్నాం. దండ దారం ముందు చక్రంలో చుట్టుకుంటే డిస్కు దగ్గర బిగుస్తుంది. ఇంజన్లు ఒక్కసారిగా రేజు చేసి "సెల్యూట్" కొట్టడం ఈసారి పెట్టలేదు. కొందరికి నచ్చలేదు. పోయినవారి ఇంట్లో పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉండగా ఆ మోత పెట్టడం కమిటీకి మర్యాద అనిపించలేదు.

అస్థికలు బండి మీద తేవాలన్న కోరిక ఒక సభ్యుడి కుటుంబం నుంచే వచ్చింది. మట్టి కుండ బ్రేకర్ల మీద ఎగిరితే చీలుతుంది. ఎర్ర గుడ్డలో కట్టి, ఒళ్ళో పట్టుకుని కారులో రమ్మన్నాం, బండ్లు ముందూ వెనకా నడిచాయి. తిరుగు దారిలో సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఎక్కి నరసాపురం వైపు వెళ్ళినవారికి గమనిక: తడి చెక్కల మీద బండి ఎక్కి నడపవద్దు, దిగి నడిపించండి. పంటు మీద గేరులో వేసి, ఇంజను ఆపి, పక్కన నిలబడండి. ఇంటికెళ్ళాక మంచినీళ్ళతో కడగండి, ఉప్పు గాలి చువ్వల్ని ముందు తింటుంది.

గడ్డి ట్రాక్టరు

రోడ్డు మీద పోయిన సభ్యుడి బండి రాత్రివేళ ఆగి ఉన్న గడ్డి ట్రాక్టరుని గుద్దింది. లోడు వెనక్కి వేలాడి ట్రక్కు (ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి) ఎర్ర రిఫ్లెక్టర్లు కప్పేసింది. గంటకి 60లో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. డిమ్ములో నల్లటి లోడు కనబడేది 30, 40 మీటర్ల దూరం నుంచే. చూసి, బ్రేకు తొక్కి, ఆగడానికి ఆ దూరం చాలదు.

ఆ చోట రాయి పాతి పేరు చెక్కించాలన్న ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం పక్కన పెట్టింది. రోడ్డు అంచున మరో గట్టి వస్తువు నిలబెట్టడం మంచిది కాదు. దాని బదులు ఆయన పేరున ట్రక్కులకు రిఫ్లెక్టివ్ టేపు అంటించే పని పెట్టుకున్నాం. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు, వెడల్పు 50 మిల్లీమీటర్లు. చెక్క డోరుకి టేపు నిలవదు, అల్యూమినియం పట్టీకి అంటించి మేకులు కొట్టాలి. ఇనుముకైతే శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించాలి. గడ్డి లోడుకి ఇదీ చాలదు. తాడు చివర ఎర్ర రిఫ్లెక్టరు త్రికోణం కట్టి లోడు చివరి నుంచి వేలాడదీయాలి. దాళ్వా (రబీ) కోతలకు ముందే ఇంకోసారి కళ్ళాల దగ్గరికి వెళ్తున్నాం. టేపు మీద బురద పడితే అది ఉన్నా లేనట్టే, వారానికోసారి తుడవమని డ్రైవర్లకి చెప్పాలి.

మొక్కల సంగతి క్లుప్తంగా. ఏటిగట్టు మీద నాటలేదు, వేళ్ళు గట్టుని గుల్ల చేస్తాయని ఇరిగేషన్ వారు ఒప్పుకోరు, వారి మాట సబబే. మలుపు లోపలి వైపు నాటితే చూపు మూసేస్తుంది. కడియం నర్సరీ నుంచి తెచ్చిన కానుగ, వేప మొక్కలు బడి ఆవరణల్లో రెండడుగుల గోతుల్లో పెట్టాం.

మిగతా కార్యక్రమాలు

మారేడుమిల్లి, పాపికొండల యాత్రలు మామూలుగానే సాగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం.

వచ్చే ఏడాదికి

2027 జూన్ 26 నుంచి జూలై 7 దాకా గోదావరి పుష్కరాలు. వెళ్ళిపోయిన సభ్యులకు పిండ ప్రదానం చేయదలచిన కుటుంబాలకు తోడు, వసతి మనం చూడాలి. రాజమహేంద్రవరం ఘాట్ల దగ్గర బండ్లు ఆపడం కష్టం కనుక ఊరి బయటే ఆపి నడిపించడానికి మనుషుల్ని ఇప్పటి నుంచే పేర్లు ఇవ్వమంటున్నాం. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునే ఇళ్ళకీ, షబ్బరాత్‌కి సమాధుల దగ్గరికి వెళ్ళే ఇళ్ళకీ మన తరఫున ఒకరు వెళ్ళాలని తీర్మానమైంది.

ఈసారి సభ్యత్వం రెన్యువల్‌కి ఒక కొత్త కాగితం తప్పనిసరి. రక్తం గ్రూపు, వాడే మందులు, ఇంట్లో ముందు ఎవరికి ఫోను చేయాలి, లైసెన్సు, ఇన్సూరెన్సు గడువులు, సి బుక్కు ఎవరి పేరు మీద ఉంది, నామినీ ఎవరు, బండి ఏం చేయాలని మీ కోరిక. ఇవన్నీ రాసి ఒక కవరులో పెట్టి, అంటించి, పైన పేరు రాసి ఇవ్వండి, కార్యదర్శి బీరువాలో ఉంటుంది. సి బుక్కు ఇంకా పాత యజమాని పేరు మీద ఉన్నవారికి పేరు మార్పు అయ్యేదాకా క్లబ్బు యాత్రల్లో చోటు లేదు.