‘మైల’ను ఇంగ్లీషులో ఏమనాలి?

సంపాదకులకు నమస్కారం.

2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం పడిగాపులు కాసిన రోజులు అందరికీ గుర్తుండే ఉంటాయి. కృష్ణరాజపురంలోని మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్లొచ్చేవి. ఆ గంటలో అమ్మ కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. కొళాయి కట్టేశాక కొళాయిని కడగాలి, దాన్ని ముట్టుకున్నందుకు చేతులు కడగాలి, మళ్లీ కొళాయి. మోచేతుల దాకా చర్మం తెల్లగా పగిలిపోయింది. అనంతపురంలో ఉన్నన్నాళ్లూ దాన్ని మడి అన్నాం, చాదస్తం అన్నాం. నీళ్లకు కటకట వస్తే గానీ జబ్బని తట్టలేదు.

ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. ఓసీడీ అన్నారు, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటిని తట్టుకోలేక చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే జబ్బు. మాత్రలు రాసి, గుణం కనబడటానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, మధ్యలో మానొద్దన్నారు. థెరపీ కూడా కావాలన్నారు. అంటే, అంటయిందని అనిపించినా చేతులు కడగకుండా ఆ టెన్షన్‌ని ఓర్చుకోవడం. చిన్న భయంతో మొదలుపెట్టి పెద్దదాని దాకా వెళ్లడం. ‘మైల కాలేదు కదా?’ అని అమ్మ అడిగినప్పుడల్లా ‘లేదమ్మా’ అంటూ రోజుకు ఇరవైసార్లు ధైర్యం చెప్పేదాన్ని. అది జబ్బుకు మేత వేయడమేనట!

చిక్కు భాష దగ్గర వచ్చింది. థెరపిస్టుకు కన్నడ, హిందీ, ఇంగ్లీషు వచ్చు. అమ్మకు తెలుగొక్కటే. మధ్యలో నేను. మైల, అంటు, ఎంగిలి అమ్మకు మూడు వేర్వేరు భయాలు. నేను మూడింటినీ ‘డర్టీ’ అని చెప్పేశాను. చేతులు కడగకపోతే మనవడికి ఏదో అయిపోతుందన్న ఆలోచన ఆమెను తొలిచేస్తోందని ఆరు నెలల దాకా ఎవరికీ తెలియలేదు. తెలుగు వచ్చిన కౌన్సెలర్ దొరికి, నన్ను బయట కూర్చోబెట్టాకే అది బయటపడింది. ఆ మనవడు నా కొడుకే. నా ఎదురుగా ఎలా చెబుతుంది?

చికిత్స వివరాలు తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది. లక్షలాది తెలుగువాళ్లున్న ఊరు ఇది. ఆసుపత్రులు బోర్డు మీద డాక్టరు పేరు పక్కన పెద్ద పెద్ద డిగ్రీలు రాస్తాయి కదా, కౌన్సెలర్లకు ఏ భాషలొచ్చో కూడా ఒక ముక్క రాయమని ఆరోగ్య శాఖ చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. దానికి జాతీయ కేంద్రం మన హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే. అయినా మా బ్లాకులో ఒక్కరికీ ఆ నంబరు తెలియదు. మీ పేజీలో రోజూ ఓ మూల వేయండి.

అమ్మ కొళాయిని ఇప్పటికీ కడుగుతుంది, ఒక్కసారి. మా లిఫ్టులో ట్యాంకరు వాళ్ల నంబరు కింద 14416 నేనే రాసి అంటించాను.

- ఒక పాఠకురాలు, కృష్ణరాజపురం, బెంగళూరు